పెత్తనం కోసం తపన

ఆదిమానవుడు ఆదం (అలై)ను షైతాన్ మోసగించి నిషిద్ధ వృక్ష ఫలాన్ని తినిపించాడని మన పిల్లలు కూడా చెప్పగలరు. కాని ఏ ఆశ చూపి తినిపించాడు? ఈ ప్రశ్నను మనం అంతగా పట్టించుకోము. దివ్య ఖుర్ఆన్‌లోని తాహా సూరా 120వ ఆయతులో ఆ ఎర ఏమిటో స్పష్టంగా ఉంది. ఆ పండు రుచిగా ఉంటుందని వాడు చెప్పలేదు, ఆకలి తీరుస్తుందనీ చెప్పలేదు. స్వర్గంలో ఆకలిదప్పులు, దుస్తుల కొరత, ఎండబాధ ఏవీ ఉండవని అంతకు ముందరి ఆయతుల్లోనే అల్లాహ్ ఆదం (అలై)కు తెలియజేశాడు. అన్నీ అమరిన మనిషికి షైతాన్ చూపిన ఆశలు రెండే. ఒకటి చావులేని బ్రతుకు, రెండోది తరిగిపోని రాజ్యం.

అంటే మానవ చరిత్రలోని మొట్టమొదటి ప్రలోభంలోనే అధికార కాంక్ష ఉందన్నమాట. మనిషి అవసరాలు మెట్లు మెట్లుగా ఉంటాయని, కూడూ గూడూ అమరిన తర్వాత అతని మనసు గౌరవం వైపు, గుర్తింపు వైపు పరుగెడుతుందని అబ్రహాం మాస్లో అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1943లో ఒక సిద్ధాంతం ప్రతిపాదించాడు. అది కళాశాల పాఠ్యపుస్తకాల్లో నేటికీ ఉంది. మనకు మాత్రం ఈ సంగతి ఆదం (అలై) గాథలోనే కనిపిస్తుంది. కడుపు నిండినంత మాత్రాన మనిషి కోరిక ఆగదు.

ఆ ఎర వేసినవాడి సంగతి కూడా ఒకసారి ఆలోచించండి. ఆదంకు సాష్టాంగపడమని ఆజ్ఞ అయినప్పుడు ఇబ్లీస్ ఎందుకు నిరాకరించాడు? దేవుడు లేడని వాడు అనలేదు. తాను అగ్నితో పుట్టానని, ఆదం మట్టితో పుట్టాడని, కనుక తానే గొప్ప అని వాదించాడు (అల్ ఆరాఫ్ సూరా, 12వ ఆయతు). వాడిని పడగొట్టింది అవిశ్వాసం కన్నా ముందు పోలిక. పక్కవాడి కన్నా నేను పైన ఉండాలన్న ఆ పోలికే వాడి రోగం. తనకున్న రోగాన్నే వాడు ఆదం సంతానానికి అంటించే పనిలో ఉన్నాడు.

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఈ రోగం తీవ్రతను అరబ్బు పశువుల కాపరులకు సులువుగా అర్థమయ్యే ఉపమానంతో చెప్పారు. ఆకలిగొన్న రెండు తోడేళ్ళను గొర్రెల మందలో వదిలితే అవి ఎంత నష్టం చేస్తాయో, ధనంపైనా పేరుప్రతిష్టలపైనా ఉండే దురాశ మనిషి ధర్మానికి అంతకన్నా ఎక్కువ నష్టం చేస్తుందని హెచ్చరించారు. కాబ్ బిన్ మాలిక్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు తిర్మిజీలో ఉంది. ఇందులో ఒక విశేషం గమనించాలి. తోడేలు బయటినుంచి వస్తుంది. ఈ దురాశ బయటినుంచి రాదు, మనం నమాజుకు నిలబడినప్పుడు కూడా మనతోపాటే సఫ్‌లో నిలబడుతుంది.

రెండు తోడేళ్ళలో మొదటిదాన్ని, అంటే ధనాశను, మనం తేలిగ్గానే గుర్తుపడతాం. లంచం తీసుకున్నవాడికి అది లంచమని తెలుసు. రెండోదే గడుసుది. అది మేకవన్నె పులిలా సేవ అనే ముసుగు కప్పుకుని వస్తుంది. తిండిని, బట్టను, ధనాన్ని త్యజించిన మనిషి కూడా నాయకత్వం దగ్గరికి వచ్చేసరికి వదులుకోలేక పోట్లాటకు దిగుతాడని సుఫ్యాన్ సౌరీ (రహ్మ) అన్న మాటను మన పండితులు తరచూ గుర్తుచేస్తారు.

ఈ రెండో తోడేలు గురించి ఇమాం గజాలీ (రహ్మ) రాసినంత లోతుగా రాసినవారు అరుదు. ఆయన ‘ఇహ్యా ఉలూమిద్దీన్’లో పేరుప్రతిష్టల వ్యామోహానికి ఒక అధ్యాయమే కేటాయించారు. ధనం అంటే వస్తువులకు యజమాని కావడం, ప్రతిష్ట అంటే మనుషుల హృదయాలకు యజమాని కావడం అన్నది ఆయన విశ్లేషణ. మనిషి ధనం కన్నా ప్రతిష్టను ఎందుకు ఎక్కువ ప్రేమిస్తాడో కూడా ఆయన వివరించారు. ప్రతిష్ట ఉన్నవాడు దాని ద్వారా ధనం సంపాదించడం తేలిక, ధనం ఉన్నవాడు దానితో ప్రతిష్ట సంపాదించడం అంత తేలిక కాదు. ధనాన్ని దొంగ ఎత్తుకుపోగలడు, హృదయాల్లోని గౌరవాన్ని ఎత్తుకుపోలేడు. పైగా ధనం శ్రమిస్తేనే పెరుగుతుంది, ప్రతిష్ట మాత్రం ఒకరి నోటినుంచి మరొకరి నోటికి పాకుతూ దానంతటదే పెరుగుతుంది. తొమ్మిది వందల ఏళ్ళు దాటిన ఈ మాటలు నేటి మన వీధి మనిషికి ఎంత చక్కగా సరిపోతాయో చూడండి!

గజాలీ (రహ్మ) ఈ విషయాన్ని పుస్తకాల నుంచి మాత్రమే తెలుసుకోలేదు. 1091లో ఆయన బాగ్దాద్‌లోని నిజామియా విద్యాలయంలో ఆచార్యులయ్యారు. అప్పటికి ఆయన వయసు ముప్పై మూడేళ్ళు. మూడు వందల మంది విద్యార్థులు ఆయన పాఠం వినేవారు. మంత్రులు, పండితులు ఆయన ముందు వినమ్రంగా కూర్చునేవారు. అటువంటి రోజుల్లో ఆయన తన సంకల్పాన్ని తానే తూచి చూసుకున్నారు. తాను బోధిస్తున్నది అల్లాహ్ ప్రీతి కోసమా, కీర్తి కోసమా? సమాధానం ఆయనను వణికించింది. 1095లో దాదాపు ఆరు నెలలు ఆయన ఊగిసలాడారు. ఈరోజు వెళ్ళిపోవాలనుకుంటారు, మర్నాటికి మనసు మార్చుకుంటారు. చివరికి పాఠం చెప్పబోతే నాలుక తిరగలేదు. ముద్ద మింగుడుపడలేదు. ఇది మనసుకు సంబంధించిన బాధ, తమ మందులకు లొంగేది కాదని వైద్యులు చేతులెత్తేశారు. ఆయన ఆ పదవిని వదిలి సిరియాకు బయలుదేరారు. ఇదంతా ‘అల్ ముంఖిజ్’ అనే గ్రంథంలో ఆయనే రాసుకున్నారు. 1106లో నైషాపూర్‌లో మళ్ళీ బోధనా పీఠం ఎక్కారు. అప్పుడు ప్రతిష్టను తెచ్చిపెట్టే విద్య నేర్పానని, ఇప్పుడు ప్రతిష్టను వదిలించే విద్య నేర్పుతున్నానని ఆయన ఆ తేడాను వివరించారు. అదే వ్యక్తి, అదే పని, సంకల్పం ఒక్కటే వేరు.

కర్మలన్నీ సంకల్పాలపై ఆధారపడి ఉంటాయన్న ఉమర్ (రజి) ఉల్లేఖనంతోనే ఇమాం బుఖారీ (రహ్మ) తన గ్రంథాన్ని ప్రారంభించారు. ఈ హదీసు మనకు ఎంత పరిచయమంటే, దాని బరువు తెలియకుండానే వల్లిస్తుంటాం. 1973లో అమెరికాలో కొందరు పరిశోధకులు చిన్నపిల్లల మీద చేసిన ఒక ప్రయోగం ఈ విషయాన్ని మరో కోణం నుంచి చూపిస్తుంది. బొమ్మలు వేయడమంటే ఇష్టపడే పసిపిల్లలను తీసుకున్నారు. కొందరికి బొమ్మ వేస్తే బహుమతి పత్రం ఇస్తామని ముందే ఆశపెట్టి, ఇచ్చారు. మరికొందరికి ఏ ఆశా పెట్టలేదు. కొన్ని రోజుల తర్వాత ఆ రంగు కలాలను మళ్ళీ పిల్లల ముందు ఉంచారు. బహుమతి ఆశపెట్టిన పిల్లలు మిగతావారితో పోలిస్తే సగం సమయమే బొమ్మలతో గడిపారు. బహుమతి రావడంతో బొమ్మ మీద ఉన్న ప్రేమ తగ్గిపోయింది! పసిపిల్లల బొమ్మల సంగతే ఇలా ఉంటే, చప్పట్ల కోసం ఇచ్చే దానం, పొగడ్తల కోసం చేసే ప్రసంగం మన హృదయాన్ని ఏం చేస్తాయో ఊహించుకోవచ్చు. చూసేవాళ్ళు లేని రోజున ఆ పని మనకు రుచించదు.

ప్రళయదినాన అందరికన్నా ముందు నరకాగ్నికి గురయ్యే ముగ్గురి గురించిన హదీసు ముస్లిం గ్రంథంలో ఉంది. వారు దొంగలు కారు, తాగుబోతులు కారు. ఒకరు యుద్ధంలో ప్రాణమిచ్చినవాడు, ఒకరు ఖుర్ఆన్ నేర్చి నేర్పినవాడు, ఒకరు దానశీలి. వీరుడని, పండితుడని, దాత అని జనం చెప్పుకోవాలని చేశారు, జనం చెప్పుకున్నారు, లెక్క సరిపోయింది. ఈ హదీసును చెప్పబోతూ అబూ హురైరా (రజి) పలుమార్లు సొమ్మసిల్లిపోయారని తిర్మిజీ ఉల్లేఖనంలో ఉంది. మనం దాన్ని జుమా ప్రసంగంలో విని, బయటికొచ్చి చెప్పులు వెతుక్కుంటాం.

మన మస్జిదులను చూడండి. ఫ్యాన్ల రెక్కల మీద, గోడ గడియారాల మీద దాతల పేర్లుంటాయి. చనిపోయిన తల్లిదండ్రుల పుణ్యం కోసం ఇచ్చారని అనుకోవడమే మన బాధ్యత, ఇతరుల సంకల్పంపై తీర్పు చెప్పే హక్కు మనకు లేదు. కాని ఇచ్చిన మనిషి తనను తాను ఒక్క ప్రశ్న వేసుకోవచ్చు. మస్జిదులో అడుగుపెట్టగానే నా చూపు ఖిబ్లా వైపు పోతోందా, ఆ ఫ్యాను వైపు పోతోందా? కమిటీ సంగతులు ఇంకా బాధాకరం. సదర్ ఎవరు, సెక్రటరీ ఎవరు అన్న దానిపై అన్నదమ్ములు సలాములు మానుకున్న ఊళ్ళున్నాయి. తగవు ముదిరి, ఒక మస్జిదుకు కూతవేటు దూరంలోనే ఇంకొకటి కట్టుకున్నవారున్నారు. జమాఅతు పెరిగి కట్టుకుంటే సంతోషమే. ఒక కుర్చీకి ఇద్దరు పోటీపడి కట్టుకుంటే, ఆ రెండో కట్టడంలో మొదటి ఇటుక ఏదో చెప్పనక్కర్లేదు.

ఇదంతా మగవాళ్ళ గొడవ, మాకేం సంబంధమని మన ఇళ్ళలోని సోదరీమణులు అనుకోవచ్చు. కాని పెత్తనం వంటింట్లో కూడా ఉంటుంది. కొత్తకోడలు పుట్టింటికి ఫోను చేసుకోవడానికి ఎవరి అనుమతి కావాలి, పండక్కి ఏం వండాలి, బీరువా తాళాలు ఎవరి కొంగున ఉండాలి అన్న చోట జరిగే పోరు కూడా ఇదే పోరు. ఒకప్పుడు తన అత్తగారి చేతిలో కన్నీళ్ళు కార్చిన ఆవిడే కోడలు వచ్చాక అదే గద్దె ఎక్కి కూర్చోవడం మనకు తెలియనిది కాదు. బాధపడ్డ మనసుకు దయ రావాలి గదా? మరెందుకు రాదు? తనకు జరిగిన చిన్నతనాన్ని మరొకరి మీద పైచేయి సాధించి పూడ్చుకోవాలని మనసు చూస్తుంది. ఇతరుల మీద ఆధిక్యత కోసం మనిషి పడే ఆరాటం వెనుక లోపలి న్యూనతా భావం ఉంటుందని ఆల్ఫ్రెడ్ ఆడ్లర్ అనే మనస్తత్వవేత్త వాదించాడు. అన్ని చోట్లా అది వర్తిస్తుందని మేము అనము గాని, అత్తగారి గద్దె విషయంలో మాత్రం చాలావరకు నిజమే.

భర్తల విషయానికొస్తే, పురుషుడు కుటుంబానికి బాధ్యుడన్న అన్నిసా సూరా 34వ ఆయతును కంఠస్థం చేసినవారు ఎందరో ఉన్నారు. ఆ ఆయతు ఎవరిపై అవతరించిందో ఆయన ఇంట్లో ఎలా ఉండేవారో తెలుసుకున్నవారు తక్కువ. దైవప్రవక్త (స) ఇంట్లో ఏం చేసేవారని అడిగితే, ఇంటివారి పనుల్లో సాయపడుతూ ఉండేవారని, నమాజు వేళ కాగానే బయలుదేరేవారని ఆయిషా (రజి) తెలిపారు. పదేళ్ళు ఆయనకు సేవ చేసిన అనస్ (రజి), ఆ పదేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా తనను విసుక్కోలేదని చెప్పారు. మదీనా రాజ్యమంతా ఆయన మాట వినేది, ఇంట్లో పనిచేసే కుర్రవాడు మాత్రం ఆయన కోపాన్ని ఎరుగడు! ప్రతి ఒక్కరూ కాపరే, ప్రతి ఒక్కరినీ తన మంద గురించి ప్రశ్నించడం జరుగుతుందన్న ప్రసిద్ధ హదీసులో పాలకుడి పక్కనే భర్త, భార్య కూడా ఉన్నారు. అక్కడ ఇచ్చిన పేరు కాపరి, యజమాని కాదు. కాపరి మందను లెక్కచూసి అప్పగించవలసినవాడు.

మరయితే పదవి కోరడమే పాపమా? ఈ సందేహం సహజం. మన దేశంలో వార్డు సభ్యుడి పదవికైనా నామినేషన్ ఎవరిది వారే వేయాలి. మంచివాళ్ళందరూ చేతులు ముడుచుకుంటే ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారో కూడా మనకు తెలుసు. ఇక్కడ యూసుఫ్ (అలై) గాథ మనకు వెలుగునిస్తుంది. ఈజిప్టు రాజుతో ఆయన దేశ ధాన్యాగారాలను తనకు అప్పగించమని తానే అడిగారు (యూసుఫ్ సూరా, 55వ ఆయతు). ఎప్పుడు అడిగారు? ఏడేళ్ళ కరువు ముంచుకొస్తోందని, అందుకు ముందే ధాన్యాన్ని వెన్నుల్లోనే నిల్వ చేయాలని తెలిసినప్పుడు. ఏ అర్హత చూపి అడిగారు? తన అందం, ప్రవక్తల వంశం ఏదీ ప్రస్తావించలేదు. తాను కాపాడగలవాడినని, తెలిసినవాడినని మాత్రమే చెప్పారు. ఆ పదవికి ఆ రెండే కావాలి, ఆ రెండే చెప్పారు.

అధికారం చేతికి వచ్చాక ఆయన ఏం చేశారన్నది ఇంకా ముఖ్యం. తనను బావిలో పడవేసిన అన్నలు ధాన్యం కోసం ఆయన ముందే చేతులు చాచి నిలబడ్డారు. నిందించడానికి అంతకన్నా మంచి అవకాశం ఏ మనిషికి దొరుకుతుంది? ఆ రోజు వారిపై ఏ నిందా లేదని ఆయన ప్రకటించారు. గాథ చివర, రాజ్యమంతా చేతిలో ఉండగా, ఆయన అల్లాహ్‌ను వేడుకున్నది ముస్లింగా మరణించే భాగ్యాన్ని, సజ్జనులతో కలిపే భాగ్యాన్ని. రాజ్యం నిలిచి ఉండాలని అడగలేదు. ఖసస్ సూరాలోని ఫిరౌన్‌ను దీని పక్కన పెట్టి చూడండి. భూమిపై పెత్తనం చెలాయించాడని, ప్రజలను వర్గాలుగా చీల్చాడని, ఒక వర్గాన్ని అణగద్రొక్కాడని నాలుగో ఆయతు చెబుతుంది. దేశం ఒకటే, ఈజిప్టు. ఒకరి అధికారం కరువు నుంచి జనాన్ని కాపాడింది, మరొకరిది పసిబిడ్డలను చంపింది. డేవిడ్ మెక్లెలండ్ అనే మనస్తత్వవేత్త 1970లో అధికార కాంక్షకు రెండు ముఖాలున్నాయని రాశాడు, ఒకటి తన కోసం, మరొకటి సమాజం కోసం. ఆ రెండు ముఖాలూ ఈ రెండు సూరాల్లో మనకు ఎదురవుతాయి. అదే ఖసస్ సూరా 83వ ఆయతులో, భూమిపై ఆధిక్యతను గాని కల్లోలాన్ని గాని కోరనివారికే పరలోక నివాసం ప్రత్యేకించబడిందని అల్లాహ్ తెలిపాడు. ఆధిక్యత పొందనివారికి అనలేదు, కోరనివారికి అన్నాడు. ప్రశ్నించబడేది కోరిక.

కోరిక ఏదో మనకు మనమే తెలుసుకోవడం ఎలా? పదవి పోయిన రోజున తెలుస్తుంది. ప్రజలు నాయకత్వం కోసం ఆశపడతారని, ప్రళయదినాన అది పశ్చాత్తాపం అవుతుందని చెబుతూ దైవప్రవక్త (స) దాన్ని పాలిచ్చే దాదితో పోల్చారు. పాలు ఇస్తున్నప్పుడు ఎంతో హాయి, పాలు మాన్పించినప్పుడు ఎంతో బాధ. ఉద్యోగ విరమణ చేసిన పెద్ద అధికారి ఇంట్లో ఫోను మోగని సాయంత్రం ఎలా ఉంటుందో ఆ ఇంటివాళ్ళను అడగండి.

ఖాలిద్ బిన్ వలీద్ (రజి)కు ఆ రోజు విజయాల మధ్యలో వచ్చింది. క్రీ.శ. 634లో ఉమర్ (రజి) ఖలీఫా కాగానే సిరియాలోని సైన్యాధిపత్యాన్ని ఆయన నుంచి తీసి అబూ ఉబైదా (రజి)కు ఇచ్చారు. ఖాలిద్ (రజి) గుడారం ఎత్తుకుని వెళ్ళిపోలేదు. తన వర్గాన్ని కూడగట్టలేదు. కొత్త సేనాని క్రింద అదే కత్తితో పోరాడారు. ఆయన శౌర్యగాథలను మన యువకులు ఎంతో ఉత్సాహంగా చెప్పుకుంటారు. కత్తి దించకుండా పదవి దించుకున్న ఈ ఘట్టం దగ్గరికి వచ్చేసరికి ఎందుకో త్వరగా దాటేస్తారు. హసన్ (రజి) సంగతి ఇంకా గొప్పది. 661లో ఆయన వెంట పర్వతంలాంటి సైన్యముంది. అయినా ముస్లింల రక్తం పారకూడదని ఖిలాఫత్‌నే వదులుకున్నారు. ఆయన పసివాడిగా ఉన్నప్పుడే, తన ఈ బిడ్డ ద్వారా అల్లాహ్ ముస్లింల రెండు పెద్ద వర్గాల మధ్య సంధి కుదర్చవచ్చని దైవప్రవక్త (స) మింబర్‌పై నుంచి చెప్పారు. ఆయనను సయ్యిద్, అంటే నాయకుడు అని పిలిచింది కూడా ఆ మాటలోనే. గద్దె దిగబోయే మనిషికి దైవప్రవక్త (స) నోట దక్కిన బిరుదు అది.

అబూ మూసా అష్అరీ (రజి) తన తెగకు చెందిన ఇద్దరితో కలిసి ఒకసారి దైవప్రవక్త (స) సన్నిధికి వెళ్ళారు. ఆయన అప్పుడు మిస్వాక్ చేసుకుంటున్నారు. ఆ ఇద్దరూ తమకు ఏదైనా పదవి ఇమ్మని అడిగారు. అబూ మూసా (రజి)కి గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది. వాళ్ళ మనసులో ఈ కోరిక ఉందని తనకు తెలియదని విన్నవించుకున్నారు. పదవిని ఆశించేవారికి తాము బాధ్యతలు అప్పగించమని దైవప్రవక్త (స) స్పష్టం చేశారు. ఆ తర్వాత అడగని అబూ మూసానే యెమన్‌కు పంపారు. ఆయన వెనుకే ముఆజ్ బిన్ జబల్ (రజి)ను కూడా పంపారు. ప్రజలకు సులభతరం చేయండి, కష్టపెట్టకండి, ఒకరికొకరు సహకరించుకోండి, విభేదించుకోకండి అన్నదే వారికి ఆయనిచ్చిన ఆదేశాల సారం.

ఇద్దరు అధికారులు, పక్కపక్క ప్రాంతాలు. ఎవరి హద్దు ఎక్కడ, ఎవరి మాట చెల్లాలి అన్న పేచీకి అన్నీ కుదిరిన ఏర్పాటే. కాని వారు ఒకరినొకరు చూడబోయేవారు. అలా కలుసుకున్న ఒకసారి వారి మధ్య నడిచిన సంభాషణ బుఖారీలో ఉంది. ఖుర్ఆన్ పారాయణం ఎలా చేస్తున్నావని ఒకరినొకరు అడిగారు. నిలబడి, కూర్చుని, ప్రయాణంలో వాహనం మీద, కొంచెం కొంచెంగా చదువుతుంటానని అబూ మూసా (రజి) చెప్పారు. ముఆజ్ (రజి) అయితే రాత్రి మొదటి భాగంలో నిద్రపోతానని, తర్వాత లేచి అల్లాహ్ రాసిపెట్టినంత చదువుతానని, తాను నిలబడి చేసే ఆరాధనకు పుణ్యం ఆశించినట్టే ఆ నిద్రకు కూడా పుణ్యం ఆశిస్తానని చెప్పారు.